టెఫ్ కెనడానా, టీసీఎఫ్ కెనడానా? మాట్లాడడంలో వెనకబడినవారికి ఏది నయం?

గోదారిగట్టు:
కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఇచ్చే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ కోసం ఫ్రెంచ్ పరీక్ష రాయాలి. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగింటా సీఎల్‌బీ (కెనడా వాళ్ల ఇంగ్లిష్ స్థాయి కొలత) 9 ఉంది, పెళ్లి కాలేదు. ఫ్రెంచ్ బీ2 (ఆరు స్థాయిల్లో నాలుగోది) నడుస్తోంది. చదవడం, వినడం పర్వాలేదు గానీ మాట్లాడాలంటే మాట వెంటనే తట్టదు. రెండింట్లో ఏది రాయమంటారు? డెల్ఫ్ (ఫ్రాన్స్ ప్రభుత్వ ఫ్రెంచ్ సర్టిఫికెట్) బీ2 ఉంటే చాలదా?

మాపుల్‌మాస్టారు:
డెల్ఫ్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి చెల్లదండీ. ఫ్రెంచ్‌కి ఒప్పుకునేవి రెండే: పారిస్ చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్ల టెఫ్ కెనడా, ఫ్రాన్స్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ వాళ్ల టీసీఎఫ్ కెనడా. ఫీజు కట్టేముందు పరీక్ష పేరులో ‘కెనడా’ ఉందో లేదో చూడండి. టీసీఎఫ్‌లోనే టూ ప్యుబ్లిక్, కెబెక్ అని వేరే రకాలున్నాయి, అవి పనికిరావు.

లక్ష్యం మాత్రం ఒక్కటే, నాలుగు విభాగాల్లోనూ ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్‌కి సీఎల్‌బీ లాంటి కొలత) 7. టీసీఎఫ్‌లో అయితే వినడం 458, చదవడం 453, రాయడం, మాట్లాడడం 20కి 10 చొప్పున. టెఫ్‌లో వినడం, చదవడం 434, రాయడం 428, మాట్లాడడం 456. టెఫ్ పట్టిక 2023 డిసెంబరులో మారింది, పాత వీడియోల్లో కనిపించే 310 లెక్క నమ్మకండి.

మీ లెక్కన నాలుగింటా 7 వస్తే రెండో భాషకి 12, అదనంగా 50, మొత్తం 62 సీఆర్‌ఎస్ (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ర్యాంకు తేల్చే) పాయింట్లు. అదే టీసీఎఫ్ రాయడంలో 10కి బదులు 9 వచ్చిందనుకోండి, ఆ 50 మొత్తం పోయి 10 పాయింట్లే మిగులుతాయి. ఫ్రెంచ్ కేటగిరీ డ్రాకీ (ఫ్రెంచ్ వచ్చినవారిని విడిగా పిలిచే విడతకీ) అర్హత పోతుంది. 2025 మార్చిలో ఆ డ్రా ఒకటి 379 పాయింట్ల దగ్గర ఆగింది కాబట్టి ఈ అర్హతే అన్నిటికన్నా విలువైనది.

విజయవాడఫ్రెంచ్:
మీకు టీసీఎఫ్ నయం. మాట్లాడే పరీక్ష 12 నిమిషాలు, మూడు టాస్కులు. మొదటిది 2 నిమిషాల పరిచయం, నోరు తిరగడానికి సరిపోతుంది. రెండోదాంట్లో ఎదుటివారిని ప్రశ్నలడిగి వివరాలు రాబట్టాలి, ముందు 2 నిమిషాలు ఆలోచించుకోనిస్తారు. మూడోది నాలుగున్నర నిమిషాలు మీ అభిప్రాయం చెప్పడం. దీనికి ప్రిపరేషన్ సమయం లేదు, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. అభిప్రాయం, రెండు కారణాలు, ఒక ఉదాహరణ, అవతలి వాదన, ముగింపు అనే వరుస అలవాటైతే మాట వెతుక్కునే పని తగ్గుతుంది.

టెఫ్‌లో 15 నిమిషాలు, రెండే భాగాలు. 5 నిమిషాలు ఒక ప్రకటన గురించి ‘వూ’ (మీరు) వాడుతూ ప్రశ్నలడగాలి. తర్వాత 10 నిమిషాలు స్నేహితుణ్ణి ‘త్యు’ (నువ్వు) వాడుతూ ఒప్పించాలి. పరీక్షకులు వరసగా అభ్యంతరాలు పెడతారు, అప్పటికప్పుడు జవాబు రావాలి. కంగారులో ‘వూ’లోకి జారిపోవడం మామూలు తప్పు.

రాతగాడు:
మాట్లాడడం వరకు పైవారి మాట సరే. రాయడంలో మాత్రం టీసీఎఫ్ ఇరుకు. 60 నిమిషాల్లో మూడు టాస్కులు: 60–120, 120–150, 120–180 పదాలు. సమయం మనమే పంచుకోవాలి. మొదటిదానికి 10 నిమిషాలు దాటితే మూడోది దెబ్బతింటుంది, అన్నిటికన్నా కష్టమైనది అదే. అందులో రెండు వ్యతిరేక అభిప్రాయాలిస్తారు, వాటిని 40–60 పదాల్లో సొంత మాటల్లో కుదించి, తర్వాత 80–120 పదాల్లో మీ అభిప్రాయం రాయాలి. ఇచ్చిన వాక్యాలు ఎత్తి రాయకండి.

టెఫ్‌లో 25 నిమిషాలు ఒక వార్తని కొనసాగించడం, కనీసం 80 పదాలు. 35 నిమిషాలు పత్రికకి వాదనతో లేఖ, కనీసం 200. వాదన బాగా రాసేవారికి అది హాయి. రెండూ ఒక్కోసారి గడియారం పెట్టుకుని రాసి చూడండి, తేడా తెలిసిపోతుంది. కంప్యూటరా, కాగితమా, కీబోర్డు ఏ రకం అన్నవి సెంటర్‌ని ముందే అడగండి. ఫ్రెంచ్ కీబోర్డులో ఎ, క్యూ స్థానాలు తారుమారుగా ఉంటాయి, అలవాటు లేకపోతే నిమిషాలు పోతాయి.

గోదారిగట్టు:
టీసీఎఫ్‌లో మాట్లాడడం, టెఫ్‌లో రాయడం, ఇలా కలిపి చూపించుకోవచ్చా?

మాపుల్‌మాస్టారు:
కుదరదు. ఒక్కసారి రాసిన ఒక్క పరీక్ష ఫలితంలోనే నాలుగూ ఉండాలి. ఒకటి తప్పితే నాలుగూ మళ్లీ రాయాల్సిందే. ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, పీఆర్ దరఖాస్తు వేసే రోజుకి కూడా గడువు మిగిలి ఉండాలి. ఇంకో మాట, మనవాళ్లలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానో, ఇనీషియల్ బదులు ఇంటిపేరు పూర్తిగా రాసో ఉంటుంది. రిజిస్ట్రేషన్‌లో పేరు అక్షరం పొల్లు పోకుండా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి. గడి ఖాళీగా ఉంటే ఏం రాయాలో సెంటర్‌కి ఈమెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోండి.