వాలిడేషన్‌కు ‘ధ్రువీకరణ’ సరిపోతుందా?

అందరికీ నమస్కారం. నల్లగొండలో డిగ్రీ పిల్లలకు భూగోళం చెబుతాను. ఆర్కిటిక్ సముద్రపు మంచు మందాన్ని లెక్కగట్టే కంప్యూటర్ మోడళ్ల గురించి తెలుగులో పాఠం రాస్తూ ‘వాలిడేషన్’ (మోడల్ చెప్పినదాన్ని నిజమైన కొలతలతో పోల్చి చూడడం) అనే మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ‘ధ్రువీకరణ’ అని రాసి క్లాసులో చదివితే, "మీసేవలో ఇచ్చే కుల ధ్రువీకరణ లాంటిదా సార్?" అని ఒక అమ్మాయి అడిగింది.

ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. ధ్రువీకరణ అనగానే మనకు ముద్ర గుర్తొస్తుంది. ముద్ర పడ్డాక ఇక ప్రశ్న ఉండదు. మంచు మోడల్‌కు అలాంటి ముద్ర ఎవరూ వేయలేరు. తేలే మంచు పలకలో నీటి పైన కనిపించేది దాదాపు పదో వంతే. 2010లో పంపిన క్రయోశాట్-2 ఉపగ్రహం ఆ కాస్త ఎత్తునే రాడార్‌తో కొలుస్తుంది. అక్కడ ఒక్క సెంటీమీటరు తేడా వచ్చిందంటే మందంలో సుమారు పది సెంటీమీటర్ల తప్పు. పైన కురిసిన మంచు బరువుకు పలక కిందికి దిగుతుంది కాబట్టి ఆ లెక్క కూడా కలపాలి. మోడల్‌ను దేనితో పోలుస్తున్నామో ఆ కొలతకే ఇంత అనుమానం ఉంది. దీనికి ఏ మాట వాడాలి?

పాలమూరు సభ్యుడు: సార్, నేను రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యాను. ‘అజమాయిషీ’ ఎందుకు కాకూడదు? ఇప్పుడు పెత్తనం అనే అర్థంలో వాడుతున్నారు గానీ, మాకు పంట అజమాయిషీ అంటే పహాణీ, అంటే ఏ చేనులో ఏ పంట ఉందో రాసుకునే రికార్డు, పట్టుకొని చేనుకు పోవడమే. కాగితంలో వరి అని ఉంటే అక్కడ నిజంగా వరే ఉందా, ఎంతలో ఉంది అని చూసి రావాలి. ఫారసీలో ఆజ్మాయిష్ అంటే పరీక్షే.

నేను: అన్నా, ఈ పోలిక నాకు తట్టనే లేదు. మోడలే పహాణీ అనుకుందాం. చేను చూసి వచ్చేవాళ్లూ ఉన్నారు. జలాంతర్గాములు కింది నుంచి సోనార్‌తో, అంటే శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో, కొలిచాయి, సముద్రం అడుగున కట్టిన పరికరాలు పైకి చూస్తూ కొలుస్తాయి, మనుషులు మంచుకు రంధ్రం వేసి టేపు దించుతారు. అయితే వీళ్లు చూసేది ఒక గీత వెంటో, ఒక్క చోటో. చేను మొత్తం ఎవరికీ కనిపించదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పయోమాస్ మోడల్‌ను ఇలాంటి కొలతలతో పోల్చినప్పుడు, పలుచని మంచును ఎక్కువగా, మందపు మంచును తక్కువగా చూపుతోందని తేలింది. సగటు మాత్రమే చూస్తే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేస్తాయి. ‘ధ్రువీకరించారు’ అని రాస్తే పిల్లలకు ఈ సంగతే అందదు. నాకు ముఖ్యమైనది ఇదే.

మిర్యాలగూడ సభ్యురాలు: సార్, ధ్రువం అంటేనే కదలనిది, ధ్రువ నక్షత్రంలో లాగా. అక్కడి మంచేమో నడుస్తూ ఉంటుంది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో తన ఓడ ఫ్రామ్‌ను కావాలనే మంచులో ఇరికించుకుంటే, ఆ మంచే మోసుకుపోయి 1896లో బయటికి వదిలింది. అలాంటి మంచుకు ‘ధ్రువీకరణ’ నాకూ నచ్చలేదు. ఇంకోటి, మీరు పలకనూ మంచే అన్నారు, పైన కురిసినదాన్నీ మంచే అన్నారు. మా ఇంట్లో పొద్దున పొలం మీద కమ్మేదీ మంచే. పాఠంలో విడదీయకపోతే పిల్లలు తికమకపడతారు.

నేను: నిజమే అక్కా. తేలేదాన్ని ‘మంచు పలక’ అనీ, మీద పడేదాన్ని ‘కురిసిన మంచు’ అనీ మారుస్తున్నాను. వాలిడేషన్‌కు ‘సరిచూడడం’ అని రాసి, పక్కనే పంట అజమాయిషీ ఉదాహరణ ఇస్తాను. ‘సరిచూడడం’లో తేడా తేలే వీలు కూడా ఉంది. సోమవారం క్లాసులో చదివి, ఆ అమ్మాయి ఏమంటుందో ఇక్కడే రాస్తాను.