చేపల చెరువులో మేత ఖర్చు తగ్గాలంటే డీఓబీయా (నూనె తీసిన తవుడా), ఫ్లోటింగ్ ఫీడా (నీటిపై తేలే మేతా)?

ఉండి చెరువు: శీలావతి, బొచ్చె చేపలు పెంచే మనకు పెట్టుబడిలో సగం పైనే మేతకు పోతోంది. నా మాట సూటిగా చెబుతున్నాను, రంధ్రాలు పెట్టిన సంచుల్లో డీఓబీ నింపి చెరువులో కట్టడం ఇక మానాలి. నూనె తీసిన తవుడులో ప్రొటీన్ నూటికి 15 దగ్గరే ఆగిపోతుంది, పెరిగే చేపకు 25 పైన కావాలి. అందుకే వేరుశనగ చెక్క, పత్తి చెక్క కలుపుతున్నాం. ఇంత చేసినా కిలో చేపకు రెండున్నర, మూడు కిలోల మేత అవుతోంది. తేలే ఫీడ్ అయితే ఒకటిన్నర కిలో చాలు. పైగా చేప తిన్నదీ లేనిదీ కంటికి కనిపిస్తుంది.

గణపవరం కౌలు: సగం లెక్కే చెప్పారు. డీఓబీ కిలో 18, ఫీడ్ కిలో 40 అనుకోండి. మూడు కిలోల తవుడు 54. ఒకటిన్నర కిలో ఫీడ్ 60. ఎక్కడండి తగ్గింది?

ఉండి చెరువు: చెక్క ఖర్చు మీరు వేయలేదు. పేరుకుపోయిన తవుడు అడుగున కుళ్లి అమ్మోనియా వస్తే, దానికి కొట్టే మందుల ఖర్చూ వేయలేదు.

కైకలూరు: సంచులు కట్టేవాళ్లు రంధ్రాలు ఏ సైజు పెడుతున్నారు? మా పక్క చెరువులో పెద్దవి పెట్టారు. చేప పొడిచేలోపే మేత నీళ్లలో కలిసిపోతోంది. సగం దండగ అక్కడే.

పాత కొల్లేరు: సంచి మేత మన రైతులు చేసి చూసి నేర్చుకున్న పద్ధతి, దాన్ని తీసిపారేయకండి బాబూ. ఉదయం కట్టిన సంచి రెండు మూడు గంటల్లో ఖాళీ కాకపోతే మర్నాడు తగ్గించాలి. ఎంతమంది పడవలో వెళ్లి ప్రతి సంచీ ఎత్తి చూస్తున్నారు? కూలీ చెప్పిందే లెక్క.

ఇంకో మాట. బొచ్చె పైనీటిలో ఉండే సూక్ష్మజీవులను తినే చేప. నీళ్లు ఆకుపచ్చగా నిలబెట్టుకుంటే దానికి మేత చాలావరకు చెరువే పెడుతుంది. పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్ కొద్దికొద్దిగా వేస్తూ ఉంటే చాలు. కానీ రంగు మరీ చిక్కబడితే తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేప తేలుతుంది. మబ్బు పట్టిన రోజు మేత ఆపేయాలి. ఆ రోజు వేసింది అరగదు, నీళ్లు పాడు చేస్తుంది. మీ ఇద్దరి లెక్కల్లో ఇవేవీ లేవు.

నిడమర్రు కుర్రాడు: పేను పట్టిన చేప ఏ మేత వేసినా తినదండి. ముందు అది చూసుకోవాలి.

ఉండి చెరువు: పెద్దవారు చెప్పింది కాదనను. కానీ ఫీడ్‌తో పట్టుబడి (చేపలు పట్టి అమ్మే సమయం) ముందే వస్తుంది. నెల రోజులు ముందు వచ్చినా కూలీ, కరెంటు మిగులుతాయి. ఇంత తేలిక విషయానికి కొందరు తవుడు వదలరు. అలవాటు మార్చుకోవడానికి బద్ధకం, అంతే.

గణపవరం కౌలు: బద్ధకమా? నోరు జాగ్రత్తండి. ఫీడ్‌కు రొక్కం కట్టాలి. నా దగ్గర రొక్కం ఎక్కడిది? తవుడు, చెక్క ఒక వ్యాపారి దగ్గర అప్పు తెస్తాను. బస్తాకు రొక్కం ధర మీద అదనంగా రాసుకుంటాడు. చేప కూడా ఆయనకే వేయాలి, తూకంలో తరుగు ఆయన తీసిందే. బయట కిలోకు రెండు రూపాయలు ఎక్కువ పలుకుతున్నా లారీ మరొకరిది రానివ్వడు. నా మేత ఖర్చు పెరిగేది ఇక్కడ. నాకు ఏ మేత వేయాలో ఎంచుకునే వీలే లేదు.

కైకలూరు: అందుకే అంటున్నా, రంధ్రాలు చిన్నవి పెడితే ఉన్న మేతే కలిసొస్తుంది.

ఉండి చెరువు: ఆ అప్పు ఎందుకు? బ్యాంకుకు వెళ్లండి. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19 బడ్జెట్‌లోనే చేపల రైతులకు కూడా ఇచ్చారు. కౌలు చెరువుకూ వర్తిస్తుంది.

గణపవరం కౌలు: వర్తిస్తుంది, కౌలు పత్రం ఉంటే. మా చెరువు ఆసామి సంతకం పెట్టడు. ఎకరానికి ఎంత కౌలు చెబితే అంతకు నోటి మాట మీద ఒప్పుకున్నాం. మీరూ ఒక చెరువు కౌలుకు ఇచ్చానని పోయిన నెల ఇక్కడే రాశారు కదా. మీరు పెట్టారా సంతకం?

ఉండి చెరువు: పెట్టలేదు. రేపు పత్రం పట్టుకుని భూమి మీద హక్కు ఉందని కోర్టుకు వెళితే నాకు దిక్కెవరు? మా నాన్న సంపాదించిన ఆస్తి అది.

పాత కొల్లేరు: పదకొండు నెలలకు రాసుకుంటే ఆ భయం చాలావరకు తీరుతుంది నాయనా. నీ కౌలుదారు తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి రొక్కంతో మేత కొంటే, నీ కౌలు కూడా టైముకు వస్తుంది.

ఉండి చెరువు: పదకొండు నెలలంటే ఆలోచిస్తాను. కానీ కౌలు మొత్తం ముందే కావాలి.

గణపవరం కౌలు: మొత్తం ముందే కడితే మళ్లీ మేతకు ఆ వ్యాపారి దగ్గరికే వెళ్లాలి కదండీ. సగం ఇప్పుడు, సగం పట్టుబడికి. దానికి సరే అంటారా?

ఉండి చెరువు: ఇంట్లో అడిగి చెబుతాను.