గువ్వలచెరువు ఘాట్‌లో జారుతున్నది క్లచ్ అని ఎలా తేల్చారు?

కడప_ఎర్రకారు: మామయ్య నుంచి నాకు వచ్చిన 1972 ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1798 సీసీ ఇంజన్, నాలుగు గేర్లు, మీట వేస్తే అదే వేగానికి ఇంజన్ చుట్లు తగ్గించే ఓవర్‌డ్రైవ్ ఉంది. కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా ఇంజన్ మోత పెరుగుతోంది, బండి మాత్రం వేగం అందుకోవడం లేదు. క్లచ్ పోయిందని షెడ్డులో అన్నారు. ఈ కారుకు క్లచ్ మార్చాలంటే ఇంజన్ దించాలి. దించమనాలా?

పెన్నాగట్టు: దించమనండి. ఇంతకంటే స్పష్టమైన లక్షణం ఏముంటుంది? ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది, వేలు పెట్టి చూడండి. నూనె తగిలితే ఇంజన్ వెనుక నూనె ఆపే సీల్ పోయి క్లచ్ ప్లేటు తడిసిందన్నమాట. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, సీల్ ఒకేసారి మార్పించండి. అదీ బెంగళూరులో. ఇక్కడ ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

హగరి_ఒడ్డు: మా జీపూ ఇలాగే చేసింది. ప్లేటు మార్చాక బాగైంది.

ఆటోనగర్_అబ్బాయి: ఎర్రకారు గారూ, దించే ముందు మూడు సంగతులు చెప్పండి. రెండో గేరులోనూ జారుతోందా? మాడిన వాసన వస్తోందా? జారినప్పుడు ఓవర్‌డ్రైవ్ మీట వేసి ఉందా?

ఎందుకంటే, ఈ కారులో ఓవర్‌డ్రైవ్ మూడు, నాలుగు గేర్లలోనే పనిచేస్తుంది. అందులో ఆయిల్ ఒత్తిడి తగ్గితే అదీ జారుతుంది, డ్రైవరుకు అచ్చం క్లచ్ జారినట్టే ఉంటుంది. రెండో గేరులో పూర్తిగా తొక్కినా పట్టు తప్పకపోతే క్లచ్‌ను అనుమానించడానికి తొందర అక్కరలేదు.

క్లచ్‌దే తప్పనుకున్నా, ప్లేటు అరిగిందని వెంటనే తేల్చకూడదు. పెడల్ నొక్కుడును ద్రవంతో క్లచ్‌కు అందించే స్లేవ్ సిలిండరుకు వెళ్లే రబ్బరు గొట్టం లోపల ఉబ్బితే ద్రవం వెనక్కి రాదు. పెడల్ వదిలినా క్లచ్ సగం నొక్కినట్టే ఉండిపోతుంది. బ్లీడింగ్ స్క్రూ కాస్త వదలగానే ద్రవం చిమ్మి, పట్టు తిరిగి వస్తే కొత్త గొట్టంతో పని అయిపోతుంది.

పెన్నాగట్టు: ఆ రంధ్రం దగ్గర నూనె ఉందా లేదా? అది చెప్పమనండి ముందు. సీల్ కారుతుంటే మీ గొట్టం కథలన్నీ వృథా.

ఆటోనగర్_అబ్బాయి: యాభై ఏళ్ల ఇంజన్ అక్కడ కొంచెం చెమర్చడం మామూలే. తడి కనిపించినంత మాత్రాన ప్లేటు మీదికి వెళ్లిందని రుజువు కాదు.

పెన్నాగట్టు: రుజువు కావాలా? మా ఫియట్‌ను ఈ జిల్లాలోనే ఒక షెడ్డుకు ఇచ్చాను. సీల్ పరవాలేదన్నారు, ప్లేటు ఒక్కటే మార్చారు. వర్షాకాలం గడవకముందే కొత్త ప్లేటు నూనెలో మునిగింది. మళ్లీ దించడానికి మళ్లీ డబ్బు. అడిగితే బండి పాతది సార్ అన్నారు. అందుకే చెబుతున్నాను, పరీక్షలంటూ ఇక్కడివాళ్లకు అప్పగిస్తే ఉన్నది కూడా పాడవుతుంది.

నల్లమల_దారి: ప్రశ్న ఎంజీబీ గురించి కదా.

ఆటోనగర్_అబ్బాయి: ఇప్పుడు అసలు విషయం బయటపడింది. మీ తగవు క్లచ్‌తో కాదు, మా ఊరి మేస్త్రీలతో. మా నాన్న జీవితమంతా లారీల కింద పడుకుని పనిచేశారు. గేర్‌బాక్సు విప్పకుండా శబ్దం విని ఏ బేరింగో చెప్పేవారు. మీకు అన్యాయం జరిగింది, కాదనను. కానీ ఒక షెడ్డు చేసిన పనికి జిల్లా మొత్తాన్ని చేతకానివాళ్లను చేయడం నేను ఒప్పుకోను. ఆలోచించకుండా అన్నీ మార్చమనడం పెద్ద ఊరిలో చేసినా పనితనం కాదు.

పెన్నాగట్టు: మీ నాన్నగారిని నేను ఏమీ అనలేదు. ఈ కారు భాగాలు విదేశం నుంచి రావాలి. విరగ్గొడితే ఎవరు ఇస్తారు?

ఆటోనగర్_అబ్బాయి: అందుకే విప్పకముందే చూడమంటున్నాను.

కడప_ఎర్రకారు: ఇద్దరూ దయచేసి ఆగండి. ఇవాళ చూశాను. రెండో గేరులో ఎంత తొక్కినా జారలేదు, వాసన కూడా లేదు. నాలుగో గేరులో మీట వేసి నిమిషానికి 3000 చుట్ల దగ్గర తొక్కితే ఇంజన్ చుట్లు చూపే ముల్లు 3600 దాటాక ఆగింది, అక్కడి నుంచి బండితో పాటే పెరిగింది. మీట తీస్తే అసలు జారలేదు. రంధ్రం దగ్గర నూనె ఉంది.

ఆటోనగర్_అబ్బాయి: ముల్లు ఆగడమే జవాబు. ఓవర్‌డ్రైవ్ నిష్పత్తి 0.82, అంటే అదే వేగానికి మామూలు గేరులో తిరిగే చుట్లలో 0.82 వంతే ఇంజన్ తిరుగుతుంది. అది పట్టు వదిలితే లోపల ఒకవైపే పట్టే వన్‌వే క్లచ్ బండిని మామూలు నాలుగో గేరుకు తెస్తుంది. 3000ను 0.82తో భాగించండి, దాదాపు 3660. క్లచ్ జారితే ముల్లుకు అలాంటి హద్దు ఉండదు. ఇంజన్ దించకండి. గేర్‌బాక్సుకూ ఓవర్‌డ్రైవ్‌కూ నూనె ఒకటే, ముందు మట్టం చూడండి. ఆ తర్వాత అడుగున ఉన్న ఫిల్టరు, ఆయిల్ ఒత్తిడిని అదుపు చేసే రిలీఫ్ వాల్వు. అవి కింది నుంచే అందుతాయి. ఇంతకీ అందులో ఏ నూనె పోశారు?

కడప_ఎర్రకారు: పోయినసారి షెడ్డులో చిక్కటి గేరు ఆయిల్ పోశారు. 90 అని గుర్తు.

ఆటోనగర్_అబ్బాయి: తీసేయండి. ఈ గేర్‌బాక్సుకు 20డబ్ల్యూ50 ఇంజన్ ఆయిల్ పోయాలి. గేరు ఆయిల్‌లో కలిపే మందులు ఓవర్‌డ్రైవ్ లోపల రాపిడితో పట్టే కోన్ పట్టుకు మంచివి కావు.

పెన్నాగట్టు: చూశారా, ఆ నూనె పోసింది కూడా ఇక్కడి షెడ్డే. సరే, ఓవర్‌డ్రైవ్ అనే అనుకుందాం. రంధ్రం నుంచి కారుతున్న దాని సంగతి ఏం చేస్తారు?