డబ్లిన్ పాత ఇటుక ఇల్లు: కిటికీ మార్పించమని అడగాలా?

కాకినాడ_అమ్మాయి:
అందరికీ నమస్కారం. డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ దగ్గర జార్జియన్ కాలం నాటి, అంటే దాదాపు రెండొందల ఏళ్ల కిందటి ఇటుక ఇంట్లో, పై అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. కిటికీ పైకీ కిందకీ జరిపే రకం. గాలి వీచిన రాత్రి గడగడా కొట్టుకుంటుంది, సందుల్లోంచి చలి వస్తుంది. ఏడాది బాబు ఉన్నాడు, టెన్షన్‌గా ఉంది. ప్లాస్టిక్ ఫ్రేము, డబుల్ గ్లాసు పెట్టమని ఓనర్‌ని అడగొచ్చా? పోయినేడు బయట గోడ అతుకుల్లో సిమెంటు పూశారు, ఇప్పుడు అక్కడే ఇటుక పెచ్చులు రాలుతోంది. ఇంకో సందేహం: కింది ఫ్లోర్లో కిటికీలు అంత పొడుగ్గా ఉంటే మావెందుకు ఇంత చిన్నవి?

లండన్_బాబాయ్:
కిటికీల మీద పన్ను వేసేవారమ్మా, అందుకే చిన్నవి.

సున్నం_మేస్త్రి:
చెల్లెమ్మా, ఆ కిటికీ తీయించకు. పన్నెండేళ్లుగా ఇలాంటి ఇళ్ల రిపేర్లే చేస్తున్నాను. వీటిలో చాలావరకు రక్షిత కట్టడాలు, ప్లానింగ్ పర్మిషన్ లేకుండా ఓనర్ కూడా మార్చలేడు. ఫ్రేము పక్క గూట్లో తాడుకి ఇనుప గుండ్లు వేలాడుతుంటాయి. వాటి బరువు, రెక్క బరువు సమానం కాబట్టి అది తేలిగ్గా లేస్తుంది. కొట్టుకునేది రెక్కని పట్టి ఉంచే సన్నటి చెక్క బద్దెలు వదులైపోయి. వాటిని తీసి బ్రష్ పట్టీ దూర్చి బిగిస్తే చప్పుడు, చలి రెండూ తగ్గుతాయి.

ముందు ఒకటి చూడు. కిటికీకి రెండు పక్కలా గోడ మందంలో చెక్క పలకలున్నాయా? అవి మడిచిపెట్టిన లోపలి తలుపులు అయ్యుంటాయి. రాత్రి వేస్తే చలి బాగా ఆగుతుంది. పెయింటుతో అతుక్కుపోయి ఉంటే మాత్రం గీకకు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, బాబున్న ఇల్లు.

పన్ను సంగతి: బాబాయ్ గారూ, ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా ఉన్నమాట నిజమే, కొన్ని కిటికీలు మూసేశారు కూడా. కానీ పైకి వెళ్ళేకొద్దీ చిన్నవవడానికి కారణం వేరు. అతిథుల్ని కూర్చోబెట్టే గది మొదటి అంతస్తులో ఉండేది, అందుకే అక్కడ పొడుగు కిటికీలు. పైన పిల్లలు, పనివాళ్ళు. ఆ వరస వల్లే ముందు గోడకి అంత అందం. వీధి తలుపు మీద అర్ధచంద్రం గాజు కూడా సోకు కోసమే కాదు. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, పక్క గోడలకి కిటికీల్లేవు. హాల్లోకి వెలుతురు అక్కణ్ణుంచే రావాలి.

సిమెంటు మాటకొస్తే నాకు బాధేస్తుంది. అతుకు ఇటుక కన్నా మెత్తగా ఉండాలి. సున్నమైతే చెమ్మ దాన్లోంచి పోతుంది. సిమెంటు చెమ్మని పోనివ్వదు, అది ఇటుకలో నిలిచి, చలికి గడ్డకట్టి, పెచ్చు ఊడగొడుతుంది. మన దగ్గర డంగు సున్నం గోడలకీ సిమెంటు పూసి పాడుచేస్తున్నారు. ఓనర్‌కి గట్టిగా చెప్పు: సిమెంటు జాగ్రత్తగా తీయించి, సున్నంతోనే నింపించాలి.

కాకినాడ_అమ్మాయి:
అన్నయ్యా, పలకలు ఉన్నాయి! ఎడమ పక్కది కాస్త లాగితే వచ్చింది, లోపల ఇత్తడి గుబ్బ కూడా ఉంది. కుడిది పెయింటుతో అతుక్కుపోయింది, ముట్టుకోలేదు. ఓనర్‌కి ఇవాళే మెయిల్ పెడుతున్నాను.