దాతలంతా కలిసి మన లెక్కలు ఒకేచోట చూస్తామంటే ఒప్పుకోవాలా?

లెక్కలపద్దు (అనంతపురం)
అందరికీ నమస్తే. ఎనిమిదేళ్ళుగా ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాస్తున్నా. బడి మానేసిన పిల్లలు, ఆడవాళ్ళ సంఘాలు, ఇదీ మా పని. మాకు డబ్బిచ్చేవాళ్ళు ఏడుగురు, రిపోర్టులు ఏడు రకాలు. ఒకరు ‘శిక్షణ’ అన్నదాన్ని ఇంకొకరు ‘సామర్థ్య పెంపు’ అంటారు. ఒకరికి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఇంకొకరికి జనవరిలో. జీపు డీజిల్ బిల్లు ఒకటే, దాన్ని ఐదు ఫైళ్ళలో ఐదు ముక్కలుగా చూపించాల. మార్చి నెలంతా నేను ఆఫీసులోనే పడుంటా.

పోయిన వారం మా దాతల్లో ముగ్గురు, ఇంకొందరితో కలిసి ఒక బృందంగా ఏర్పడి కబురు పంపినారు. మా మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, జీతాలు, బ్యాంకులో నిల్వ, ఎంతమంది ఉద్యోగం మానేసినారు, ఎంతమంది పిల్లలు బడికి తిరిగొచ్చినారు, అన్నీ ఒకే డాష్‌బోర్డులో, అంటే ఆన్‌లైన్ పట్టికలో పెట్టాలంట. బృందంలో ఉండే దాతలందరూ చూస్తారు. “ఒక్కసారి నింపండి చాలు, మీరు బలపడడానికే ఇదంతా” అంటున్నారు. మా డైరెక్టర్ సార్ సంబరపడుతున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టడంలేదు. మీలో ఎవరైనా ఇట్లాంటిదాంట్లో ఉన్నారా?

ఎదురుబల్ల (హైదరాబాద్)
నేను మీకు ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఒక కంపెనీ సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత ఖర్చు) విభాగంలో పని. కాబట్టి నా మాట కొంచెం తీసేసి వినండి.

ఒప్పుకోండి అంటాను. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకోని సంస్థకు మేం డబ్బు ఇవ్వలేం. దానితోపాటు 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను మినహాయింపు రిజిస్ట్రేషన్లు), మూడేళ్ళ ఆడిట్, ట్రస్టు డీడ్, పాన్. ఈ కాగితాలనే నేను ఒకసారి తనిఖీ చేస్తాను, పక్క వీధి కంపెనీలో నాలాంటివాడు మళ్ళీ చేస్తాడు. ఇద్దరం జీతాలు తీసుకుంటున్నది ఒకే పనికి.

ఇంకో మాట. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టక తప్పదు. మార్చి 31 దగ్గరపడేకొద్దీ మాకు కంగారు. అప్పుడు తెలిసిన నాలుగు పేర్లకే డబ్బు పోతుంది. పుట్టపర్తి పక్కన ఎవరో మంచి పని చేస్తున్నారని హైదరాబాదులో కూర్చున్న నాకు ఎలా తెలుస్తుంది? నలుగురం వివరాలు పంచుకుంటేనే కొత్త పేర్లు కంటపడేది.

పాతఆడిటరు (కరీంనగర్)
ముప్పై ఏండ్లు ఆడిట్ చేసిన. ఒక్క ముచ్చట చెప్త. ఒక ఊర్ల ఒక కంప్యూటర్ గది. గోడకు మూడు బోర్డులు, ముగ్గురు దాతల పేర్లు. ముగ్గురికీ అదే బిల్లు, అదే ఫొటో, ఫొటో తీసిన మూల మాత్రం వేరు. ముగ్గురూ ఒక్కసారి ఫోన్ల మాట్లాడుకున్నా దొరికిపోతుండె. మాట్లాడుకోలే.

అందుకే ఆడిట్ లెక్కలు పంచుకోనియ్యండి, దాంట్ల దాచేదేం లేదు. కానీ బిడ్డా, గా డాష్‌బోర్డు నింపే మనిషికి జీతం ఎవరిస్తరో ముందు అడుగు. “ఒక్కసారి నింపితే చాలు” అన్న మాట నేను 1995 నుంచి ఇంటున్న.

కొండదారి (పాడేరు)
అక్కా, సంతకం పెట్టొద్దు. కనీసం ఇప్పుడున్నట్టు పెట్టొద్దు.

మేం రెండేళ్ళ క్రితం ఇలాంటి ఒకదాంట్లో చేరాం, పేరు చెప్పను. మొదటి ఏడాది బాగానే ఉంది. రెండో ఏడాది ఎవరో తెలివైనవాళ్ళు అందులో ఒక గడి చేర్చారు: ‘ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు’. విజయవాడలో పనిచేసే సంస్థవాళ్ళకు ఆటోలో తిరిగితే సరిపోతుంది, వీధికి నలభై మంది పిల్లలు. మాకు ఒక గూడేనికి బండి పోతుంది, తర్వాతి గూడేనికి నడక. గూడెంలో పిల్లలు ఏడుగురో ఎనిమిదిమందో. వానాకాలం గెడ్డ పొంగితే ఆ వారం పని లేదు, కార్యకర్త జీతం మాత్రం ఉంటుంది కదా. గడిలో మా అంకె వాళ్ళకంటే నాలుగు రెట్లు. రంగు ఎరుపు. ఒక దాత ఆ ఎరుపు చూసి ఆగిపోయాడు. మామూలుగా అయితే మిగతావాళ్ళకు ఆ సంగతి తెలిసేది కాదు. ఈసారి ఆ తెర ముందు అందరూ కూర్చున్నారు, కాబట్టి ఇంకో ఇద్దరు “చూద్దాం” అన్నారు. ఒక్కడి అనుమానం ముగ్గురికి అంటుకుంది. ఫోన్ చేసి “మీకెందుకు ఎక్కువైంది?” అని అడిగినవాళ్ళు లేరు.

రెండో విషయం ఇంకా ముఖ్యం. మేం ఆపిన బాల్యవివాహాల వివరాలు ఊరి పేరుతో సహా పెట్టమన్నారు. పిల్ల పేరు అక్కర్లేదట, వయసు, తరగతి, ఊరు చాలట. మా గూడెంలో పదో తరగతి చదివే ఆడపిల్ల ఒక్కర్తే ఉంటే, ఇంక పేరుతో పనేముంది? ఆ తెర చూసేవాళ్ళు ఎంతమందో మాకే తెలీదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్ళ వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. పెళ్ళి చెయ్యబోయిందే ఆ తల్లిదండ్రులు! వాళ్ళ దగ్గరకెళ్ళి సంతకం అడగమంటారా?

ప్లేనో_శీను (టెక్సస్)
దాతగా రెండు మాటలు. మా ఊరి బడికి, ఇంకో రెండు సంస్థలకు ఏటా పంపుతుంటాను. ఇక్కడ అమెరికాలో చాలా లాభాపేక్షలేని సంస్థలు పన్ను శాఖకు ఏటా వేసే 990 ఫారం బహిరంగం. పెద్ద జీతాలు ఎవరికి ఎంత, ఖర్చు దేనికి ఎంత, ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. ఫౌండేషన్ సెంటర్, గైడ్‌స్టార్ అనే రెండు పెద్ద సంస్థలు 2019లో కలిసిపోయి క్యాండిడ్ అయ్యాయి, అన్నీ అక్కడ దొరుకుతాయి. దీనివల్ల ఇక్కడి సంస్థలేమీ మూతపడలేదు. మన దగ్గర మాత్రం లెక్క అడిగితే అనుమానించినట్టు బాధపడతారు. నా రూపాయిలో ఎంత పిల్లలకు పోతోంది, ఎంత ఆఫీసుకు పోతోంది అని అడగడం తప్పా?

ఫిల్టరుకాఫీ (వరంగల్)
శీను గారూ, తప్పు కాదు. కానీ మీరు చెప్పిన కథలో రెండో సగం ఉంది.

అదే గైడ్‌స్టార్, స్వచ్ఛంద సంస్థలకు రేటింగులిచ్చే ఛారిటీ నావిగేటర్, ఇంకో సంస్థతో కలిసి 2013లో అమెరికా దాతలందరికీ ఒక బహిరంగ లేఖ రాశాయి. ఆఫీసు ఖర్చు శాతాన్ని బట్టి సంస్థ మంచిదో చెడ్డదో తేల్చకండి, అది తప్పు కొలత అని. ఏళ్ళ తరబడి ఆ శాతానికి దాతలను అలవాటు చేసింది ఈ రేటింగుల ప్రపంచమే! దాతలు ఆ శాతం చూస్తారని సంస్థలు ఖర్చు తగ్గించి చూపించాయి, తగ్గించి చూపించినదాన్నే దాతలు మామూలు అనుకున్నారు, మరుసటి ఏడు ఇంకా తగ్గించమన్నారు. అంకెలు బహిరంగంగానే ఉన్నాయి, నిజం మాత్రం వాటిలో లేదు.

పంచుకున్న డేటా సంస్థలకు నిజంగా మేలు చేసిన ఒక ఉదాహరణ మన దేశంలోనే ఉంది. బ్రిడ్జ్‌స్పాన్ అనే సలహా సంస్థ, కొన్ని ఫౌండేషన్లు కలిసి ‘పే వాట్ ఇట్ టేక్స్ ఇండియా’ అని మొదలుపెట్టాయి. అంటే పనికి అయ్యే అసలు ఖర్చు ఇవ్వండి అని. దాని తరఫున 2021లో వచ్చిన నివేదికలో 388 సంస్థల సర్వే ఉంది. అది కాక 40 సంస్థల లెక్కల పుస్తకాలు లోతుగా చూశారు. అవి చిన్నాచితకవి కావు, కాస్త బాగా నిధులున్నవే. అద్దె, అకౌంటెంటు, కంప్యూటర్లు, శిక్షణ లాంటి పరోక్ష ఖర్చులు ఒక సంస్థలో 5 శాతం ఉంటే ఇంకోదాంట్లో 51 శాతం. మధ్యస్థం 19. సర్వేలో 83 శాతం మంది ఈ ఖర్చులకు డబ్బు దొరకడం కష్టమన్నారు. 2020 సెప్టెంబరు నాటికి 54 శాతం సంస్థల దగ్గర మూడు నెలలకు కూడా సరిపడా నిల్వ లేదు.

ఒక్క సంస్థ వెళ్ళి “మాకు 19 శాతం కావాలి” అంటే దాత నవ్వుతాడు. అన్నీ కలిపి చూపిస్తే నవ్వలేడు. కొండదారి గారి ఎరుపు గడిలోనూ అంకెలే ఉన్నాయి, ఇక్కడా అంకెలే. అక్కడ అంకె పక్కన సంస్థ పేరు, దాని పక్కన రంగు. ఇక్కడ ఎవరికీ ర్యాంకు లేదు, తప్పు పట్టింది దాతల అలవాటును.

ఎదురుబల్ల గారు ఉన్నారు కాబట్టి ఇంకోటి. 2021 సీఎస్ఆర్ నిబంధనల్లో పాలనా ఖర్చు 5 శాతం దాటకూడదని ఉంది. అది కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు పెట్టిన హద్దు, సంస్థకు కాదు. నిర్వచనం చదివితే తెలిసిపోతుంది. అయినా ఎన్ని కంపెనీలు అదే 5 శాతాన్ని మన ఒప్పందాల్లోకి ఎక్కించాయో ఇక్కడున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అదే నిబంధనల ప్రకారం పెద్ద ప్రాజెక్టులకు బయటి ఏజెన్సీతో ప్రభావ అంచనా చేయించాలి. 2022 సవరణ తర్వాత దానికి సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం లేదా 50 లక్షలు, ఏది ఎక్కువైతే అంత వరకు లెక్కలో రాసుకోవచ్చు. వచ్చి కొలిచిపోయేవాడికి చట్టంలోనే చోటుంది. ఏడాది పొడుగునా ఆ వివరాలు రాసే లెక్కలపద్దు గారి జీతానికి లేదు.

ఎదురుబల్ల
5 శాతం విషయంలో తల దించుకుంటున్నాను. మా ఒప్పంద నమూనాలోనూ ఉంది. మా లాయరు పెట్టాడు, ఎవరూ తియ్యలేదు.

కానీ పేర్లు లేకుండా కలిపేస్తే పాతఆడిటరు గారి మూడు బోర్డుల గది ఎలా దొరుకుతుంది? సగటులో దొంగ దాక్కుంటాడు కదా.

రికార్డులవ్వ (గుడివాడ)
నాకు చదువు తక్కువ, పదేళ్ళు వెలుగు పొదుపు సంఘాల్లో యానిమేటరుగా, అంటే సంఘాల పుస్తకాలు రాసే పని చేశాను. మీరు మాట్లాడుకునేది వింటుంటే 2010 గుర్తొస్తోంది.

అప్పుడు ఒకే ఇంటికి నలుగురు మైక్రోఫైనాన్స్ వాళ్ళు అప్పులిచ్చారు. సోమవారం ఒకడు, బుధవారం ఒకడు. ఎవడి పుస్తకం వాడిదే, ఒకడిచ్చింది ఇంకొకడికి తెలీదు. ఒకడి కిస్తీ కట్టడానికి ఇంకొకడి దగ్గర తీసుకున్నారు. ఆత్మహత్యలు జరిగాయి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు ఒకరికి రెండు సంస్థలకు మించి అప్పివ్వకూడదంది, అప్పులిచ్చే సంస్థలన్నీ ఎవరికెంత అప్పుందో రాసిపెట్టే క్రెడిట్ బ్యూరోలో చేరాలంది. కాబట్టి వివరాలు పంచుకోకపోతే ఏమవుతుందో నేను కళ్ళారా చూశాను. వద్దనను.

కానీ ఆ బ్యూరోలో మా ఆడవాళ్ళ పేరు ఒకసారి తప్పు పడిందంటే, అది ఎక్కడ దిద్దించుకోవాలో ఇప్పటికీ సగంమందికి తెలీదు. సంఘం పుస్తకం అలా కాదు. అది మా పెట్టెలోనే ఉండేది. ప్రతి మీటింగులో అందరి ముందు చదివేవాళ్ళం, తప్పుంటే అక్కడే కొట్టేసి పక్కన సంతకం పెట్టేవాళ్ళం. బ్యాంకు మేనేజరు చూడాలంటే వచ్చి మా ముందు కూర్చుని చూసేవాడు.

అమ్మాయ్ లెక్కలపద్దూ, ఆ డాష్‌బోర్డులో మీ గురించి వాళ్ళు ఏం రాసుకున్నారో మీకు కనిపిస్తుందా? అది అడుగు.

ఫిల్టరుకాఫీ
అవ్వ గారు అడిగిందే అసలు ప్రశ్న. దానికి నా తరఫున ఒకటి జోడిస్తాను. బ్రిటన్‌లో 360గివింగ్ అని ఉంది, 2015లో మొదలైంది. అక్కడ దాతలు తాము ఎవరికి, ఎంత, దేనికి ఇచ్చారో ఒకే పద్ధతిలో అందరికీ కనపడేలా పెడతారు. రెండు వందలకు పైగా దాతలు పెడుతున్నారు. ఎదురుబల్ల గారూ, మూడు బోర్డుల గది దొరకడానికి అది చాలు: ముగ్గురు దాతలూ ‘ఫలానా ఊరు, కంప్యూటర్ గది’ అని రాస్తే ఎవరికైనా కనిపిస్తుంది. దొంగను పట్టడానికి సంస్థ జీతాల పట్టీ అక్కర్లేదు.

ప్లేనో_శీను
ఒప్పుకుంటున్నాను కొంతవరకు. కానీ మన దగ్గర ప్రభుత్వమే వెనక్కి పోతుంటే? హోం శాఖ వెబ్‌సైటులో విదేశీ విరాళాల వార్షిక రిటర్నులు కనపడేవి, 2022లో తీసేశారు. ఇప్పుడు దాతలూ దాచి, సంస్థలూ దాచి, ప్రభుత్వమూ దాస్తే నాలాంటివాడు దేన్ని నమ్మాలి?

కొండదారి
శీను అన్నా, ఒకసారి వచ్చి మాతో రెండు గూడేలు తిరుగు. అద్దె బండి ఖర్చు మీ ‘ఆఫీసు ఖర్చు’లో రాస్తాంలే.

ప్లేనో_శీను
డిసెంబరులో వస్తున్నా తమ్ముడూ. నిజంగానే.

లెక్కలపద్దు
అందరికీ థాంక్స్. నిన్న ఆ బృందంతో ఫోన్‌లో మాట్లాడినాము. అవ్వ గారి ప్రశ్నే ముందు అడిగితి. ఆ పక్కన కాసేపు నిశ్శబ్దం. తర్వాత తెలిసిందేమంటే దాతలు రాసుకునే వ్యాఖ్యల గడి ఒకటి ఉందంట, అది సంస్థలకు కనపడదంట. “అది అంతర్గతం” అన్నారు. మా డైరెక్టర్ సార్ ముఖం అప్పుడు మారింది.

మేము పంపిన జవాబు ఇది: ఆడిట్ లెక్కలు, రిజిస్ట్రేషన్ కాగితాలు పేరుతోనే ఇస్తాము, అందరూ చూసుకోవచ్చు. జీతాలు, నిల్వ కలిపి లెక్క కట్టడానికైతే ఇస్తాము, పేరు పక్కన కాదు. పిల్లల వివరాలు మండలం స్థాయికి కిందికి దించము. మా మీద రాసింది మాకు కనపడాల, మేము జవాబు రాసే గడి పక్కనే ఉండాల. ఈ ఒక్క ఫారం నింపితే మిగతా ఏడు రిపోర్టుల్లో కనీసం వాళ్ళ మూడు ఆపేస్తామని కాగితం మీద రాసియ్యాల. చివరిది నేను పట్టుబట్టి రాయించిన.

ఇద్దరు దాతలు ‘ఆలోచిస్తాం’ అన్నారు. ఒకరు కనపడని గడి తీసేద్దామని బృందంలో అడుగుతామన్నారు. పాతఆడిటరు సార్, జీతం సంగతి కూడా అడిగినా. “మంచి పాయింటు” అన్నారు, అంతే.

పాతఆడిటరు
“మంచి పాయింటు” అంటే పైసలు రావని అర్థం బిడ్డా. మళ్ళ అడుగు, ఈసారి రాతల అడుగు.

సత్తుగిన్నె (నల్గొండ)
ఇన్ని రోజులూ చదువుతూ ఉన్న, మొదటిసారి రాస్తున్న. మాకూ అలాంటి మెయిలే వచ్చింది, అదే బృందమేమో తెల్వదు. లెక్కలపద్దు గారూ, సంస్థ పేరు తీసేసి ఆ జవాబు ఇక్కడ పెడతరా? మా బోర్డు మీటింగు ఆదివారం.