మెల్లగా మొదలై హెవీగా మారే తెలుగు పాట: మాట వినపడట్లేదంటున్నారు, ఏం చేయాలి?

గాజువాక గిటార్:
నమస్తే అందరికీ. మేం నలుగురం, వైజాగే, సొంతంగా తెలుగులో పాటలు కట్టుకుని వాయిస్తున్నాం. దిగులుగా, ఒక్క గిటారూ గొంతుతో మొదలై, రెండో చరణం దాటాక డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పడుతుంది. అప్పటిదాకా కదలకుండా విన్నవాళ్లే ఆ తర్వాత ఒక్క ముక్కా అర్థం కాలేదంటున్నారు. మెల్లని పాటలు వేరు, రాక్ వేరు చేసేయమని సలహాలు కూడా వస్తున్నాయి. నాకది అస్సలు ఇష్టం లేదు, ఆ దిగులు కోపంగా మారడమే మా పాట.

సౌండ్ బాబాయ్:
విడదీయకు తమ్ముడూ. తేడా అంతా గిటార్ గెయిన్‌లో, అంటే ఆ గరగర ఎంత ఉండాలో తేల్చే నాబ్‌లో ఉంటుంది. మాటలో హల్లులు తేటగా వినపడేది సుమారు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, డిస్టార్షన్ వచ్చి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. ఈక్వలైజర్‌లో గిటార్లకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దం కొంచెం కోసి, గెయిన్ దించి చూడు. ఒక్కడివే వాయిస్తే పల్చగా అనిపిస్తుంది, బేస్, డ్రమ్స్ కలిశాక నిండుతుంది. బీచ్ రోడ్డులో ఆరుబయట వాయిస్తే మాత్రం గోడలుండవు కాబట్టి బేస్ కాస్త పెంచాలి.

ఎంవీపీ బేస్:
బాబాయ్ చెప్పింది కరెక్ట్, కానీ సగం పని పాట కట్టేటప్పుడే జరగాలి. హెవీ భాగానికి కొత్త రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) వెతక్కండి, పల్లవి స్వరాలనే కింది తీగల మీదకి దించండి. పాట కీరవాణి రాగంలో ఉంటే రిఫ్ కూడా కీరవాణే, వెస్టర్న్ వాళ్ల హార్మోనిక్ మైనర్ స్కేలు అదేగా. కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్‌లో బైజు ధర్మజన్ గిటారు మీద గమకాలు ఎలా పలికించాడో వినండి. డ్రాప్ డి పెట్టుకుంటే, అంటే అన్నిటికన్నా లావు తీగని డి స్వరానికి దించితే, పవర్ కార్డ్ (రాక్‌లో వాడే రెండు స్వరాల కార్డ్) ఒక్క వేలితో పడుతుంది, పాడుతూ వాయించేవాడికి ప్రాణం హాయి.

శ్రావణి_వైజాగ్:
నేను వాయించను, వింటాను. గిటార్లు గట్టిగా ఉన్న చోట మాటలు తగ్గించి, ఉన్నవాటిని సాగదీసి పాడండి, అచ్చులు ఎంత హోరులోనైనా తేలతాయి. అవియల్ బ్యాండ్ వాళ్లు మలయాళంలో పాడుతుంటే నాకు భాష రాకపోయినా గొంతు ఎక్కడా మునగదు. మన భాషలో అలాంటి బ్యాండ్ మన ఊళ్లోనే ఉందంటే చాలా సంతోషంగా ఉంది.

గాజువాక గిటార్:
థాంక్స్ అందరికీ. ముందు మూడో చరణంలో మాటలు సగం తీసేస్తాం, గెయిన్ సంగతి ఈ ఆదివారం ప్రాక్టీస్‌లో చూస్తాం. బాబాయ్, రెండు గిటార్లకీ ఒకే కోత పెట్టాలా?

సౌండ్ బాబాయ్:
వద్దు, ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. రికార్డ్ చేసి ఇక్కడ పెట్టు, వింటాను.