నాన్నకి పేగు సిరల జబ్బు అంటున్నారు, ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న (నెల్లూరు నుంచి):

అందరికీ నమస్కారం. నాన్న వయసు 58. సంక్రాంతి తర్వాత ఎడమవైపు పొత్తికడుపులో నొప్పి మొదలైంది, ఆ వెంటనే విరేచనాల్లో జిగట, రక్తం. ఇప్పుడు రోజుకి పదిహేనుసార్లు వెళ్తున్నారు. 74 కిలోల మనిషి 61కి వచ్చారు. కొలనోస్కోపీలో పెద్దపేగు చివరి భాగం వాచి, పుండ్లు పడి కనిపించింది. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు) అనుకుని మెసలమైన్ అనే వాపు తగ్గించే మందు ఇచ్చారు, తర్వాత స్టెరాయిడ్ రోజుకి 40 మిల్లీగ్రాములు. ఆరు వారాలైనా ఏ మార్పూ లేదు.

కొత్త డాక్టరుగారు సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) చేయించారు. ధమనులు బాగానే ఉన్నాయట. సిరల జబ్బు కావచ్చు, ఆ ముక్క తీసేయడమే మంచిది అన్నారు. బయాప్సీ రెండుసార్లు తీశారు, రెండింట్లోనూ జబ్బు పేరు తేలలేదు. పేరే తెలియకుండా పొట్ట కోయించుకోను అని నాన్న మొండికేశారు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకొన్నాళ్లు మందులతో చూడొచ్చా?

జవాబు 1 (వరంగల్ నుంచి):

అమ్మా, 2019లో మా ఆయనకి అచ్చం ఇలాగే అయింది. అప్పుడు ఆయనకి 52 ఏళ్లు. ముందు టీబీ అన్నారు. రెండు నెలలు ఆ మాత్రలు మింగి వాంతులు చేసుకున్నారు. తర్వాత స్టెరాయిడ్లు. మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది, విరేచనాలు మాత్రం తగ్గలేదు. ఎన్నిసార్లు వెళ్లారో గోడ క్యాలెండర్ మీద గీతలు పెట్టేదాన్ని. కొన్ని రోజులు ఆ గడి చాలేది కాదు.

చివరికి 28 సెంటీమీటర్ల పేగు తీశారు. ఆ ముక్కని పరీక్షించాకే పేరు తెలిసింది: మిసెంటెరిక్ సిరల మయోఇంటిమల్ హైపర్‌ప్లేసియా. నాకు నోరు తిరగలేదు. పాథాలజీ డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మైక్రోస్కోపులో చూపించారు. పక్కపక్కనే రెండు గుండ్రాలు. ఒకటి ధమని, దాని మధ్య బెజ్జం ఖాళీగా, తెల్లగా ఉంది. రెండోది సిర. గోడ లోపలికి పెరిగీ పెరిగీ బెజ్జం సూదిమొనంత మిగిలింది. పేగుకి రక్తం వస్తోంది కానీ తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది అన్నారామె. పొలానికి నీళ్లు పారుతూనే ఉండి, మురుగు కాలవ పూడిపోతే పైరు ఎలా కుళ్లుతుందో అలాగే.

మా ఆయనకి నాలుగు నెలలు స్టోమా సంచి (మలం పడేలా పొట్ట మీద పెట్టే సంచి) పెట్టారు, తర్వాత మూసేశారు. ఆపరేషన్ కన్నా ఆ సంచికే ఎక్కువ కుంగిపోయారు. అందరికీ పెట్టరు, కానీ పెట్టొచ్చని నాన్నగారికి ముందే చెప్పండి. ఇప్పుడాయన అన్నీ తింటున్నారు, పేగుకి ఏ మందూ లేదు. స్టెరాయిడ్లతో పోగొట్టుకున్న ఆ నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

జవాబు 2 (హైదరాబాద్, పాథాలజీ విభాగంలో పని):

బయాప్సీలో పేరు రాకపోతే అది ఎవరి తప్పూ కాదు. కొలనోస్కోపీలో గిల్లిన ముక్కలో పేగు లోపలి పొరే వస్తుంది. చెడిన సిరలు ఇంకా లోతున, పేగుని పట్టి ఉంచే మిసెంటరీ దాకా ఉంటాయి. అయినా పై పొరలో జాడలు దొరకొచ్చు: సన్న రక్తనాళాల గోడలు మందమై, గులాబీ రంగులో గాజులా కనిపిస్తాయి, వాటిలో చిన్న గడ్డలు ఉంటాయి. అనుమానంతో వెతికితేనే కంటపడతాయి. అందుకని పాత స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు (బయాప్సీ ముక్కల్ని మైనంలో భద్రపరిచిన దిమ్మలు) తీసుకుని పేగు జబ్బులు ఎక్కువగా చూసే పాథాలజిస్టుకి ఇవ్వండి. ఫారం మీద 'సిరల జబ్బు అనుమానం' అని డాక్టరుగారితో రాయించండి.

పై అక్క చెప్పిన రకాన్ని 1991లో జెంటా, హ్యాగిట్ అనే వైద్యులు నలుగురు రోగుల్లో గుర్తించి రాశారు. ఎక్కువగా మగవాళ్లకి, ఎడమవైపు పేగుకి వస్తుంది. అందులో సిర గోడ పెరుగుదలే తప్ప వాపు కణాలు పెద్దగా ఉండవు, స్టెరాయిడ్ పనిచేయకపోవడానికి కారణం అదే. లింఫోసైటిక్ ఫ్లెబైటిస్ (సిరల వాపు) అని ఇంకో రకం ఉంది. అందులో సిరల చుట్టూ లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు మూగుతాయి. రెండింటికీ చెడిన ముక్క తీసేస్తే సాధారణంగా నయమవుతుంది, తిరగబెట్టడం అరుదు.

కత్తి పెట్టేలోపు లూపస్, బెహ్‌చెట్ (రోగనిరోధక వ్యవస్థ గతి తప్పి వచ్చే జబ్బులు), రక్తం గడ్డకట్టే జబ్బులు లేవని తేలిందా అని అడగండి. వాటికి వైద్యం వేరు. వాడిన మాత్రలన్నీ చెప్పండి. కాళ్ల సిరలకి వాడే రుటోసైడ్ రకం మందులు తీసుకున్న కొందరిలో ఈ ఫ్లెబైటిస్ కనిపించింది. మన దగ్గర దెబ్బ వాపులకి ఇచ్చే కొన్ని మాత్రల్లో కూడా రుటోసైడ్ ఉంటుంది.

స్టెరాయిడ్ మీకు మీరుగా ఆపకండి. కడుపు గట్టిపడినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు. స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి పేగు చిల్లుపడినా నొప్పి సరిగా తెలియకపోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:

అక్కా, మీ జవాబు నాన్నకి చదివి వినిపించాను. కాలవ మాట దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. మందుల డబ్బా అంతా వెతికాను. మోకాలి వాపుకి డిసెంబరులో వాడిన ఒక స్ట్రిప్ దొరికింది, దాని మీద రుటోసైడ్ అని ఉంది. ఫొటో తీసి డాక్టరుగారికి పంపాను. బ్లాకులు సోమవారం ఇస్తామన్నారు. సంచి సంగతి ఈ రాత్రి అమ్మతో కలిసి చెప్తాం.